గుమ్మటాలు సరే, ఇళ్ళ లెక్కేదీ?

హైదరాబాదు చరిత్ర చెప్పమంటే మనవాళ్ళు ఒక వరస పాటిస్తారు. చార్మినార్ దగ్గర మొదలెడతారు, గోల్కొండ దర్వాజా దగ్గర చప్పట్లు కొడతారు, సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే బొమ్మ చూపిస్తారు, చివరికి బిరియానీ దగ్గర తేలతారు. "నాలుగు వందల ఏళ్ళ నగరం సార్" అని ఒక డైలాగు. ఆ తర్వాత ఒక్క గెంతులో హైటెక్ సిటీ. మధ్యలో ఏమైందో ఎవడికీ పట్టదు.

అసలు సంగతేంటంటే, మనం రోజూ బస్సులో తిరిగే హైదరాబాదులో చాలా భాగానికి నాలుగు వందల ఏళ్ళు లేవు. నూరూ నూటపదిహేనేళ్ళు, అంతే. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి ఊరిని ఊడ్చేసింది. పదిహేను వేల మంది దాకా పోయారని అంచనా. మరుసటి ఏడు విశ్వేశ్వరయ్యని పిలిపించారు. ఆయన సలహా మీదే 1920కి ఉస్మాన్‌సాగర్, 1927కి హిమాయత్‌సాగర్ వచ్చాయి. 1911లో ప్లేగు. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు. ఇరుకు బస్తీలు పడగొట్టడం, రోడ్లు వెయ్యడం, కొత్త ఇళ్ళు కట్టడం దాని పని. 1914లో విన్సెంట్ ఎష్ అనే ఇంగ్లీషు ఆర్కిటెక్టు వచ్చాడు. కాచిగూడ స్టేషను (1916), హైకోర్టు (1920లో ప్రారంభం), సిటీ కాలేజీ, ఉస్మానియా ఆసుపత్రి (1925) ఆయన చెయ్యి పడినవే. మోజంజాహీ మార్కెట్టు 1935 నాటిది.

ఇవన్నీ అందరికీ తెలిసినవే. పోస్టుకార్డుల మీద ఉంటాయి. నా గొడవ వీటితో కాదు.

హైకోర్టు కట్టారు సరే, అందులో వాదించిన వకీళ్ళు ఎక్కడ కాపురం ఉన్నారు? ఆసుపత్రి కట్టారు, అందులో డాక్టర్లూ కాంపౌండర్లూ ఎక్కడ పడుకున్నారు? కాచిగూడ స్టేషన్‌లో టికెట్లిచ్చిన గుమాస్తా ఇల్లేదీ? సుల్తాన్ బజారు, ట్రూప్ బజారు, కాచిగూడ, బర్కత్‌పురా, నారాయణగూడ, చిక్కడపల్లి, రెడ్ హిల్స్, హుసేనీ ఆలం, శాలిబండ, అటు సికింద్రాబాదు వైపు మారేడుపల్లి... ఈ పేటల్లో 1900కీ 1940కీ మధ్య కట్టిన ఇళ్ళు ఎన్ని? అందులో ఇవాళ నిలబడి ఉన్నవెన్ని? ఈ ప్రశ్నకి జవాబు చెప్పే ఒక్క జాబితా, పౌరుడు తెరిచి చూసుకోగలిగేది, మన దగ్గర లేదు.

లెక్కలో లేని ఇంటిని కూలిస్తే అది కూల్చినట్టే కాదు. ప్లాటు ఖాళీ అయినట్టు. నేను చెప్పదల్చుకున్నది ఇంతే, మిగతాదంతా వివరణ.

జాబితా కథ

మనకి జాబితా అసలు లేదనడం అన్యాయం. ఉండేది. హుడా వాళ్ళ 1981 జోనింగు రెగ్యులేషన్లలో 13వ నంబరు రెగ్యులేషను ఒకటుంది. 1995లో దానికి పదును పెట్టి, కొన్ని భవనాలకీ బండలకీ రక్షణ ఇచ్చారు. బొంబాయి తర్వాత మన దేశంలో ఇలాంటి పని చేసిన తొలి నగరాల్లో మనదొకటి. గర్వపడాల్సిన విషయమే.

అయితే ఆ జాబితాలో ఉన్నవి ఎన్ని? రెండు వందలు కూడా దాటవు. ఇంత నగరానికి రెండు వందలు కూడా లేవు! ఉన్నవాటిలో ఎక్కువ భాగం నవాబుల పాలెసులు, సర్కారీ కట్టడాలు, దేవిడీలు, గుళ్ళు, మసీదులు. గుమాస్తా ఇల్లు, బడిపంతులు ఇల్లు, చాపఖానా నడిపినవాడి మేడ అందులోకి రావడం అరుదు.

సరే, ఆ కాస్త రక్షణైనా నిలిచిందా? 2015 డిసెంబరులో ఆ రెగ్యులేషనే ఎత్తేశారు. 2017లో కొత్త హెరిటేజి చట్టం వచ్చింది. 2019లో ఎర్రమంజిల్ కూల్చి అసెంబ్లీ కట్టాలని కేబినెట్ నిర్ణయించినప్పుడు ఏమైందో గుర్తుందిగా? ఆ సెప్టెంబరులో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. రక్షిత భవనమన్న సంగతి పట్టించుకోకుండా నిర్ణయం తీసుకున్నారన్నది అక్కడ కీలకం. అంటే కోర్టులో నిలబడటానికి కాళ్ళెక్కడినుంచి వచ్చాయి? పాత జాబితాలో ఒక పేరు ఉండబట్టి. ఆ ఒక్క లైను లేకపోతే ఎన్ని కొవ్వొత్తులు వెలిగించినా ఆ కేసులో చెప్పుకోడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదని నా అభిప్రాయం.

ఇప్పుడు దీన్ని మామూలు ఇంటికి అన్వయించండి. 2025లో పాతబస్తీ మెట్రో కోసం ఆస్తులు సేకరించి కూల్చడం మొదలెట్టారు. ప్రార్థనా స్థలాలూ చారిత్రక కట్టడాలూ ముట్టుకోమని అధికారులు హామీ ఇచ్చారు. సంతోషం. కానీ చారిత్రక కట్టడం అంటే ఏది బాబూ? కాగితం మీద ఉన్నది. కాగితం మీద లేని నూరేళ్ళ ఇల్లు "స్ట్రక్చర్". దానికి నష్టపరిహారం ఉంటుంది, పేరుండదు. మెట్రో వద్దని నేననను, రోజూ అందులోనే ఆఫీసుకెళ్తాను. కూల్చే ముందు ఒక ఫోటో, ఒక కొలత, ఎవరు ఎప్పుడు కట్టారో నాలుగు లైన్లు... ఇంత చిన్న పని కూడా రూలుగా లేకపోవడమే నాకు మండేది.

వెతకడం కుదరదా? కుదురుతుంది

"ఇవన్నీ ఇప్పుడెక్కడ దొరుకుతాయండీ" అనేవాళ్ళకి ఈ భాగం. రెండేళ్ళుగా ఆదివారాలు పొద్దున్నే ఇదే పని మీద తిరుగుతున్నాను. నేను చరిత్రకారుణ్ణి కాదు, కోడు రాసుకునేవాణ్ణి. నా కంటికి ఇది ఒక డేటా సమస్య. టేబుళ్ళు నాలుగున్నాయి, వాటిని కలిపే వాడే లేడు.

మొదటి టేబులు: పటం. 1910లలో లెనార్డ్ మన్ ఆధ్వర్యంలో హైదరాబాదు మునిసిపల్ సర్వే జరిగింది. పెద్ద స్కేలు పటాలు. సందులు, ఇళ్ళు, బావులతో సహా గీశారు. అంటే వరద వచ్చిన కొద్ది ఏళ్ళకి, బోర్డు గునపం పట్టుకునే నాటికి ఊరెలా ఉందో మన చేతిలో ఉంది. ఈ షీట్లని ఇవాళ్టి శాటిలైట్ బొమ్మ మీద పరిచి, నాలుగు మూలలా కదలని గుర్తులు (ఒక మసీదు, ఒక వంతెన, ఒక కోట బురుజు) పట్టుకుని సరిచేస్తే చాలు. సందు వంపులు చాలా చోట్ల అలాగే ఉన్నాయి. మేడలు మారాయి, సందులు మారలేదు. ఎందుకంటే సందు మారాలంటే పది మంది ఒప్పుకోవాలి, మేడ మారడానికి ఒక బిల్డరు చాలు.

రెండో టేబులు: ఇంటి నంబరు. హైదరాబాదు నంబర్లని చూసి నవ్వుకుంటాం గానీ అందులో ఎంత సమాచారం ఉందో! మూడు ముక్కలు: వార్డు, బ్లాకు, ఇల్లు. ఆ తర్వాత బై 1, బై 2, బై 2 బై ఏ... ఈ "బై"లు ఊరికే రావు. ఒక పెద్ద ఆవరణ అన్నదమ్ముల మధ్య పంచుకున్నప్పుడో, ముక్కలు చేసి అమ్మినప్పుడో వస్తాయి. ఒకే నంబరుకి పదీ పదిహేను బైలు ఉన్న చోట ఆగి చూడండి. మధ్యలో ఎక్కడో, నాలుగు అపార్ట్‌మెంట్ల వెనకాల, బై లేని అసలు నంబరు మోస్తూ ఒక పాత ఇల్లు నక్కి ఉండే అవకాశం బాగా ఉంది. లేదా అదీ పోయి వేపచెట్టు ఒక్కటే మిగిలి ఉంటుంది. ఈ రెండిటి మధ్యా వారధిగా టౌన్ సర్వే రిజిస్టర్లు ఎలాగూ ఉన్నాయి. సర్కారు దగ్గర ఇవన్నీ కంప్యూటర్లలోకి ఎక్కుతున్నాయి కూడా, ఒకదాన్నొకటి పలకరించుకోవు, అంతే.

మూడో టేబులు: ఇల్లే. గోడకి పెచ్చు ఊడిన చోట చూస్తే డంగు సున్నమా సిమెంటా తెలిసిపోతుంది. లోపలికి రానిస్తే తలెత్తి కప్పు చూడాలి. దగ్గర దగ్గరగా టేకు దూలాలు, వాటి మీద సన్నటి ఇటుకలు సున్నంలో నిలబెట్టి పరిచి ఉంటే అది మద్రాసు టెర్రసు. ఇనుప గర్డర్లు, వాటి మధ్య చిన్న చిన్న ఇటుక కమానులుంటే జాక్ ఆర్చి. మామూలు ఇళ్ళకి కాంక్రీటు స్లాబు రాకముందు పద్ధతులివి. తలుపు పైన రంగుటద్దాల అర్ధచంద్రం, పోత ఇనుము రెయిలింగు, నెత్తిన గచ్చుతో చేసిన పూలదండ, దాని మధ్యలో ఒక అంకె.

ఆ అంకె దగ్గర జాగ్రత్త! 1340 అని ఉర్దూ అంకెల్లో ఉందనుకోండి. హిజ్రీ అయితే అది 1921-22. ఫసలీ అయితే 1930-31. నిజాం సర్కారు కాగితాలు ఫసలీలో నడిచేవి, ఫసలీకి సుమారు 590 కలిపితే మన లెక్కలోకి వస్తుంది. మతసంబంధమైన కట్టడాల మీద హిజ్రీ ఎక్కువ. తేడా తొమ్మిదేళ్ళు. ఒకే అంకెకి రెండు అర్థాలు. టైమ్‌జోన్ బగ్గుల మీద రాత్రుళ్ళు గడిపిన మనకి ఇది కొత్తా?

నాలుగో టేబులు: పుస్తకాలు, ఫోటోలు. కె. కృష్ణస్వామి ముదిరాజ్ 1929లో ఒకటి, 1934లో ఒకటి, రెండు సంపుటాలుగా "పిక్టోరియల్ హైదరాబాద్" వేశారు. ఆయన తర్వాతి కాలంలో ఈ నగరానికి మేయరు కూడా అయ్యారు. ఊళ్ళో ప్రముఖులు, వాళ్ళ భవనాలు, సంస్థలు బొమ్మలతో సహా ఉన్న పుస్తకం అది. ఒక్క మనిషి, డిజిటల్ కెమెరా లేని రోజుల్లో, సొంత పూనికతో చేసిన పని! మనం టెక్నాలజీ రాజధాని అని చెప్పుకుంటూ దానికి మూడో సంపుటం వెయ్యలేకపోయాం. ఇక తార్నాకలో స్టేట్ ఆర్కైవ్సు ఉండనే ఉంది. ఉర్దూ చదవగలిగే వాళ్ళ సాయం కావాలి. అమీర్‌పేటలో మూడు నెలల్లో ఏ భాషైనా నేర్పుతారు కదా, అది కంప్యూటరు భాషే అవ్వాలా?

ఎవరి ఇళ్ళు ఇవి?

"నవాబుల కొంపలు పోతే నీకేం?" అని మా ఆఫీసులో ఒకడు అడిగాడు. తెలంగాణలో ఈ ప్రశ్నకి బరువుంది. దొరల గడీలు చూసి మురిసిపొమ్మని నేను ఎవరికీ చెప్పను. కానీ ఇది నవాబుల ప్రశ్న అనుకోవడమే పొరపాటు.

1901 సెప్టెంబరు 1న శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషా నిలయం పుట్టింది. ఎక్కడ? రావిచెట్టు రంగారావు గారి ఇంట్లో. తర్వాత సొంత భవనం సుల్తాన్ బజారులో వచ్చింది, ఇప్పటికీ ఉంది. 1906లో విజ్ఞాన చంద్రికా మండలి ఈ ఊళ్ళోనే మొదలైంది. ఇక 1921 నవంబరు. వివేకవర్ధని థియేటర్లో సంస్కార సభ. అధ్యక్షుడు కార్వే. ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గోల చేసి దింపేశారు. ఆ అవమానంతో అదే రాత్రి కొంతమంది ఒక ఇంట్లో కూచుని ఆంధ్ర జనసంఘం పెట్టారు. ఆ ఇల్లు టేకుమాల రంగారావు గారిది. ఆంధ్ర మహాసభ దాకా, ఆ తర్వాత సాయుధ పోరాటం దాకా వెళ్ళిన దారి ఆ గదిలో మొదలైంది.

గ్రూప్స్‌కి చదివే కుర్రాళ్ళని అడగండి, టేకుమాల రంగారావు పేరు టక్కున చెప్తారు. రెండు మార్కుల ప్రశ్న. ఇల్లెక్కడ అని అడిగితే మొహం చూస్తారు. వాళ్ళ తప్పు కాదు. ఏ సందులో, ఏ నంబరులో, ఇప్పుడక్కడ ఏముందో దారినపోయేవాడికి చెప్పే ఒక చిన్న పలక పెట్టాలన్న ఆలోచన మన ప్రభుత్వాలకి ఎప్పుడైనా వచ్చిందా? రాష్ట్రం వచ్చాక విగ్రహాలు ఎన్ని పెట్టుకున్నాం! విగ్రహం ఎక్కడైనా పెట్టొచ్చు, ఎంత ఎత్తైనా పెట్టొచ్చు. ఆ రాత్రి పదకొండు మంది కూచున్న గది ఒక్కచోటే ఉంటుంది. తెలుగువాడు తన భాష కోసం రాజధానిలో గొంతు విప్పిన చరిత్ర పాలెసుల్లో జరగలేదు. సొంత ఇళ్ళలో, అద్దె వాటాల్లో, అరుగుల మీద జరిగింది. అవే మన జాబితాలో లేనివి.

సరోజినీ నాయుడు వాళ్ళ ఇల్లు గోల్డెన్ త్రెషోల్డ్ ఎందుకు మిగిలింది? ఆవిడ పేరుంది, కుటుంబం ముందుకొచ్చింది, 1974లో పుట్టిన సెంట్రల్ యూనివర్సిటీ మొదట ఆ ఇంట్లోనే నడిచింది. అలా ఒక ఇంటికి పని దొరికితే ఇల్లు బతుకుతుంది. హిల్ ఫోర్ట్ పాలెస్ సంగతి చూడండి, 1915లో నిజామత్ జంగ్ ముచ్చటపడి కట్టుకున్నది. రిట్జ్ హోటలు నడిచినన్నాళ్ళూ దర్జాగా ఉంది. హోటలు మూతపడ్డాక సర్కారు చేతిలో ఉండి కూడా శిథిలమైపోయింది. ఉస్మానియా ఆసుపత్రి పాత భవనంలోకి 2020 జులైలో వాన నీళ్ళొచ్చి వార్డులు ఖాళీ చేయించారు. అంత పేరున్నవాటికే ఈ గతి. పేరు లేని ఇంటి సంగతి చెప్పాలా?

యజమాని మాట

హెరిటేజి ప్రేమికులతో నాకున్న పేచీ ఇక్కడే. వాళ్ళు కెమెరాలేసుకుని వస్తారు, వరండాలో సెల్ఫీ దిగుతారు, "ప్లీజ్ అమ్మకండి అంకుల్" అని చెప్పి పోతారు. వాన కురిసినప్పుడు గిన్నెలు పెట్టుకునేది అంకులు.

కాచిగూడలో ఒక పెద్దాయన నాకు ఇల్లంతా చూపించి, టీ పోయించి, గేటు దగ్గర ఒక మాటన్నాడు. "ఫోటో దీస్కో బిడ్డా, గని ఎక్కడ రాయకు. పాత బిల్డింగని ఎవనికన్న ఎర్కైతే రేపు అమ్ముడు గాదు." ఆ ఇల్లు ఎక్కడో నేను రాయను. ఆయన మాటలో తప్పు లేదు. పన్నెండు మంది వాటాదారులు, కోర్టులో ఒక కేసు, ఎప్పటిదో అద్దె కట్టే ఇద్దరు కిరాయిదారులు. సున్నం పని తెలిసిన మేస్త్రీ దొరకడు. జాబితాలో ఎక్కితే కూల్చకూడదంటారు, బాగుచేసుకుంటానంటే పర్మిషన్ల కోసం తిప్పుతారు, డబ్బు మాత్రం ఎవరూ ఇవ్వరు. అలాంటప్పుడు తెలివైనవాడు ఏం చేస్తాడు? సర్వే వాళ్ళు రాకముందే ఒక రాత్రి జేసీబీ తెప్పిస్తాడు. నిషేధం మాత్రమే ఉండి ప్రతిఫలం లేని జాబితా, కూల్చేవాడికి ముందస్తు హెచ్చరిక నోటీసు లాంటిది.

దీనికి మందు లేదా? ఉంది. రోడ్డు వెడల్పులో స్థలం పోయినవాళ్ళకి మన ఊళ్ళోనే టీడీఆర్ ఇస్తున్నారు, అంటే ఇక్కడ పోయిన నిర్మాణ హక్కుని ఇంకోచోట అమ్ముకోవచ్చు. నూరేళ్ళ ఇల్లు కూల్చకుండా ఉంచినవాడు కూడా ఊరి కోసం హక్కు వదులుకున్నవాడే కదా? అతనికి అదే పద్ధతి ఖచ్చితంగా, జాప్యం లేకుండా అందించండి. ఇంటిపన్ను తగ్గించండి. కిటికీ తలుపు మార్చుకోడానికి వారంలో అనుమతివ్వండి. అప్పుడు ఆ పెద్దాయనే పిలిచి మరీ రాయిస్తాడు.

మామూలు ఇళ్ళకి అంత సీనుందా అంటారేమో. బొంబాయిలో 1930లలో కట్టిన ఆర్ట్ డెకో అపార్ట్‌మెంట్లు, సంసారాలు కాపురముండే ఇళ్ళు, 2018లో యునెస్కో జాబితాకెక్కాయి. అహ్మదాబాదు పాత నగరం, పోళ్ళలోని చెక్క ఇళ్ళతో సహా, 2017లోనే ఎక్కింది. అక్కడివాళ్ళకి ఆకాశం నుంచి ఊడిపడలేదు. ముందు సందు సందు తిరిగి రాసుకున్నారు.

చెయ్యాల్సింది

సర్కారు చెయ్యాల్సినవి మూడు. ఒకటి, మన్ పటాల్నీ టౌన్ సర్వేనీ ఇవాళ్టి ఇంటి నంబర్లనీ కలిపి అందరికీ తెరిచి పెట్టడం. రెండు, 1950కి ముందు కట్టిన ఏ ఇంటికి కూల్చివేత అనుమతి అడిగినా, ఇచ్చే ముందు ఫోటోలూ కొలతలూ తప్పనిసరి చెయ్యడం. ఆపమనడం లేదు, రాసుకోమంటున్నాను. మూడు, ఉంచినవాడికి పైన చెప్పిన ప్రతిఫలం. ఇందులో మొదటి రెండిటికి అయ్యే ఖర్చు ఒక ఫ్లైఓవర్ రంగుల లైట్ల ఖర్చు కంటే ఎక్కువుంటుందని నేననుకోను.

సర్కారు చెయ్యదు అంటారా? అయితే మనం. ఈ ఊళ్ళో మన వృత్తివాళ్ళు లక్షల్లో ఉన్నాం. బిరియానీ తెచ్చే కుర్రాడు ఏ మలుపులో ఉన్నాడో ఫోన్లో మీటర్ల లెక్కన చూపించే సరుకు తయారుచేసేది మనమే. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఏ భవనానికైనా కట్టిన సంవత్సరం రాసే గడి ఉంది. మీ పేటలో ఒక పాత ఇల్లు తెలుసా? ఇంటివాళ్ళని అడిగి, వాళ్ళు సరేనంటేనే, ఆ గడి నింపండి. నెత్తిన అంకె ఉంటే ఫోటో తీసి, అది హిజ్రీనో ఫసలీనో అడిగి తెలుసుకోండి. మీ తాతగారు ఏ ఊరి నుంచి వచ్చి ఏ సందులో మొదట అద్దెకి దిగారో, ఆయన ఉండగానే అడిగి రాసుకోండి. ఆదివారం రెండు గంటలు చాలు.

ఎందుకంటే చార్మినార్‌ని ఎవడూ కూల్చడు, దాని గురించి బెంగ అక్కర్లేదు. ఈ వారం పోయేది ఏ వెనక సందులోనో ఉన్న బై లేని నంబరు ఇల్లు. వచ్చే నెల అక్కడ ఐదంతస్తుల మీద "హెరిటేజ్ రెసిడెన్సీ" అని బోర్డు వేలాడుతుంది. ఏ హెరిటేజో అడిగితే వాచ్‌మన్ దగ్గర కూడా జవాబుండదు.